మైనపు నుదురు

ఆ షెడ్డులో తయారైన ఏ అచ్చూ బొట్టు పెట్టకుండా గడప దాటదు. బిందె మూతల అచ్చయినా, డ్రిప్పు పైపుల బిరడాల అచ్చయినా అంతే. యజమాని వేణుగోపాల్ వాళ్ల నాయన నూనె మిల్లు నడిపిన కాలం నుంచీ వస్తున్న అలవాటది. ఇనుముకు పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోసి, ఆ తర్వాతే పనిలోకి దించుతారు. అందుకే శుక్రవారం మధ్యాహ్నం సుబ్బలక్ష్మమ్మ పెనిమిటిని వెంటబెట్టుకొని, మంత్రాలయం మఠంలో ఇచ్చిన మంత్రాక్షతలు కొంగున ముడేసుకొని కర్నూలు పారిశ్రామికవాడలో ఆటో దిగితే ఎవరూ వింతగా చూడలేదు.

వింత అచ్చులోనే ఉంది. అందులో పోసేది ప్లాస్టిక్కు కాదు. ఆమె మొగుడి నుదుటి ఎముక.

ఉగాదికి ముందర నందికొట్కూరు సంతలో ఓబుళేశు ఒక కోడెను లారీ ఎక్కిస్తున్నాడు. పశువుల దళారీ పని ఆయనది. కోడె బెదిరి మెడకున్న తలుగును ఒక్క గుంజు గుంజింది. ఆయన నుదురు పోయి లారీ వెనకాల ఇనుప డాలాకు కొట్టుకుంది. ప్రాణం నిలబెట్టడానికి డాక్టర్లు పొడిపొడి అయిన ఎముకను ఏరి తీసేశారు. అప్పటి నుంచి కనుబొమల పైన తోలు తప్ప ఏమీ లేదు. వంగితే ఆ తోలు ఉబ్బుతుంది, వెల్లకిలా పడుకుంటే గుంట పడుతుంది. రుమాలు చుట్టకుండా ఆయన బయటికి వచ్చింది లేదు. సంతకు పోవడం ఎప్పుడో మానేశాడు. తలుగు పట్టలేని దళారీని ఎవరు పిలుస్తారు?

హైదరాబాదు నుంచి శనివారాలు వచ్చే పెద్ద డాక్టరు ఒక దారి చెప్పాడు. తల స్కానును కంప్యూటరులో బొమ్మ చేసి, పోయిన ఎముక ఆకారానికి అచ్చు తయారు చేయిస్తే, ఆపరేషను బల్ల పక్కనే అందులో ఎముక సిమెంటు అదిమి, గట్టిపడ్డాక తీసి గుంటలో కూర్చోబెట్టవచ్చని. అచ్చులు చేసేవాళ్ల కోసం వెతికితే వేణుగోపాల్ షెడ్డు దొరికింది. బొమ్మ పని స్వర్ణలత మీద పడింది.

స్వర్ణలతది డోన్. నాయన గూడ్స్ షెడ్డులో హమాలీ. ఆ ఇంట్లో పట్టా పుచ్చుకున్నది ఆమే మొదలు. కంప్యూటరులో బొమ్మలు గీసే క్యాడ్ నేర్చుకొని, రోజూ రైల్లో వచ్చి పోతూ ఈ పని చేస్తోంది. రెండువేల ఎనిమిదిలో ఆ చుట్టుపక్కల క్యాడ్ తెలిసిన ఆడపిల్ల అంటే వేళ్ల మీద లెక్క. అందుకే ఆమెకు పని అంటే భక్తీ, భయమూ రెండూ ఎక్కువే.

స్కాను వాళ్లు పంపిన సీడీలో ఉన్నది మెష్. మెష్ అంటే లక్షల త్రికోణాలతో అల్లిన వల. తలకాయ ఆకారమే గానీ ఉత్త పైతోలు, లోపల గుల్ల. ఆ తోలులో ఎక్కడ చిన్న చిల్లున్నా, దిమ్మెలోంచి ఈ ఆకారాన్ని తొలవమంటే కంప్యూటరు మొండికేస్తుంది. స్వర్ణలత చిల్లులు పూడ్చింది. ఒకదాని మీద ఒకటి ఎక్కిన త్రికోణాలు తీసేసింది. పై దవడలో ఒకచోట తుమ్మ ముళ్ల మాదిరి పొడుచుకొచ్చిన చెత్త ఉంటే చుట్టూ గీత గీసి మొత్తం చెరిపేసింది. నుదుటికి కావాల్సింది కళ్ల పైభాగమే, దవడతో పనేముంది? కంప్యూటరుకు బరువు తగ్గింది. షెడ్డులో అందరూ మెచ్చుకునే చేతివాటమే అది: ముందు చెత్త తీసెయ్, తర్వాతే పని.

మిగిలిన గుంట సరిగ్గా వేరుశనక్కాయలా ఉంది. నుదుటి మీద అడ్డంగా పడుకున్న రెండు గింజల కాయ. ఒక గింజ పెద్దది, ఒకటి చిన్నది. పెద్ద గింజ ఎడమ కనుబొమ దాకా దిగింది. డాక్టరు పోయిన వారం నిలబడే తెర చూసి, "ఇదే, ఇదే. కానివ్వండి" అని వెళ్లిపోయాడు. అల్యూమినియం దిమ్మెల్లో అచ్చు చెక్కడం, నునుపు పెట్టడం అయిపోయింది. సాయంత్రం ఆస్పత్రి వాళ్లొచ్చి తీసుకుపోతారు. తెల్లారితే ఆపరేషను.

సుబ్బలక్ష్మమ్మ అచ్చు రెండు పలకలకూ బొట్టు పెట్టి, మంత్రాక్షతలు చల్లి, కళ్లకద్దుకుంది. ఓబుళేశు స్టూలు మీద కూర్చొని, పెదాలు బిగించి చూస్తున్నాడు. రుమాలు కనుబొమల మీదికి దిగింది.

"ఏమ్మా, నా బుర్ర గీసిన బిడ్డవి నువ్వేనా?" అన్నాడు నోరు సగమే తెరిచి.

"నేనే అన్నా."

"లోపల ఏమన్నా కనపడెనా? ఉత్త గుల్ల అంటాది మా ఇంటిది."

"బొమ్మలో అయితే గుల్లే అన్నా," అంది స్వర్ణలత నిజం చెబుతున్నట్టుగానే.

మిషను నడిపే దాసన్న గుడ్డతో చేతులు తుడుచుకుంటూ అందుకున్నాడు. "ఏం ఓబుళేశప్పా, గుల్ల కాకపోతే ఆ ఫైలు మా కంప్యూటర్లో పట్టేదా? నీ తెలివంతా వచ్చింటే కరెంటు సాలేది కాదు."

ఓబుళేశు ఫక్కున నవ్వాడు. గాయమైన తర్వాత అంత నవ్వు నవ్వడం అదే మొదలేమో, పెళ్లాం గబుక్కున తిరిగి చూసింది. నోరంతా తెరుచుకుంది. పై వరసలో బంగారు తొడుగు వేయించుకున్న కోరపన్ను తళుక్కుమంది.

స్వర్ణలతా నవ్వింది. నవ్వుతూనే ఆగిపోయింది.

ఆ పన్ను తనకు ఎడమ చేతి వైపు, అంటే ఆయనకు కుడి వైపు మెరిసింది.

స్కానులో లోహం ఉన్న చోట బొమ్మ చెదిరి ముళ్లు ముళ్లుగా వస్తుంది. ఆ సంగతి ఆమె ఎక్కడో చదివింది, చదివి మరిచిపోయింది. తను చెరిపిన తుమ్మ ముళ్లు చెత్త కాదు. అవి ఈ పన్ను. కానీ తెర మీద తల ఇలాగే తన ముఖం చూస్తున్నప్పుడు, ముళ్లు కుడి చేతి వైపు ఉండె. టెలిఫోను వైపు. గీత గీస్తూ మోచేయి తగిలి ఫోను కింద పడబోతే పట్టుకున్నది బాగా గుర్తుంది.

పన్ను అటు పోయిందంటే తలంతా అటుదిటు అయ్యుండాలి. పెద్ద గింజ ఎడమ కనుబొమ మీద కాదు, కుడి దాని మీద ఉండాలి.

ఎవరికీ చెప్పకుండా కూర్చుంటే? ఆ ఆలోచన వచ్చిందని ఒప్పుకోవాలి. చెరిపింది తనేనని ఎవరికీ తెలియదు. డాక్టరు సరే అన్నాడు. రేపు సరిపోకపోతే స్కాను వాళ్లనే అంటారు. కానీ రేపు సరిపోకపోవడమంటే, ఆ మనిషి తల తోలు ఒలిచి, మెదడు మీద గాలి ఆడేలా పెట్టి, చేతిలో పనికిరాని బిళ్లతో నిలబడటం.

డోన్లో నాయన కొత్త హమాలీలకు చెప్పే మాట ఒకటుంది. "మూట జారుతాంటే గట్టిగా అరువప్పా. సిగ్గుపడి గమ్మున మోస్తే, కింద ఉండేవాని మీద పడ్తాది."

"సార్, ఒక్క నిమిషం," అంటూ స్వర్ణలత కంప్యూటరు దగ్గరికి నడిచింది. చెరపని అసలు బొమ్మ ఉన్న సీడీ లోపలికి తోసింది. మొదటి ఫైలు సగం తెరుచుకుందో లేదో, ఫ్యాను ఆగింది. కరెంటు కోత. యూపీఎస్ కీచుకీచుమని అరవడం మొదలుపెట్టింది.

"ఆపమ్మా, బ్యాటరీ పాతది. ఫైళ్లు పాడైతాయి," అన్నాడు వేణుగోపాల్.

ఆమె ఆపలేదు. తెర మీద తల ముక్కలు ముక్కలుగా పేరుకుంటోంది. నడినెత్తి. గుంట. కళ్ల గుంతలు. యూపీఎస్ అరుపులు దగ్గరపడ్డాయి. ముక్కు. పై దవడ. ముళ్లు.

టెలిఫోను వైపే.

తెర నల్లబడింది.

ఆమె వేణుగోపాల్‌ను బయటికి పిలిచి, షెడ్డు నీడన చెప్పింది. ఒక్క ముక్కా దాచలేదు, తను చెరిపిన సంగతితో సహా. స్కాను అంటే ఉల్లిగడ్డను చక్రాలుగా కోసినట్టు తలను అడ్డంగా కోసిన బొమ్మలు. కింది నుంచి పైకి పేర్చాల్సినవాటిని పై నుంచి కిందికి పేరిస్తే తల తలకిందులవుతుంది. అది చూసి ఎవరో నిలువుగా తిప్పి ఉంటారు. నిలువైతే అయింది గానీ, అద్దంలో బొమ్మలాగ కుడి ఎడమ అయిపోయి ఉంటుంది.

వేణుగోపాల్ ముఖం మాడింది. "పన్ను సూసి అచ్చు తప్పంటావా? రెండు పక్కలా తొడుగులుండాయేమో. నీకు గుర్తు తప్పిందేమో."

"ఇప్పుడే సూస్తి సార్, కరెంటు పోయేలోపల."

"డాక్టరు సూసి సరే అన్నెగదా! ఆయన కన్నా మనకెక్కువ తెలుసా? సాయంత్రం బండి వస్తాది. ఆ మనిషి మంత్రాలయం పోయి మొక్కి వచ్చినాడు. ఇప్పుడు పోయి తప్పనెట్ల చెప్తావు?"

"చెప్పాల్సిన పని లేదు సార్. మైనం పోద్దాం."

కొత్త అచ్చు ఏదైనా మొదట మైనం పోసి చూసుకోవడం ఆ షెడ్డులో పద్ధతి. దీనికి మాత్రం పోయలేదు. జిడ్డు అంటితే శుభ్రం చేయడం కష్టమని ఆస్పత్రి వాళ్లు వద్దన్నారు. వేణుగోపాల్ నేల చూసి, ఆకాశం చూసి, ఆఖరికి లోపలికి కేకేశాడు. "దాసన్నా, స్టవ్వు ముట్టీయప్పా."

దాసన్న మైనం కరిగించాడు. సుబ్బలక్ష్మమ్మ ఒకరి ముఖం తర్వాత ఒకరి ముఖం చూసింది. బొట్టు పెట్టిన అచ్చులో మైనం పోస్తుంటే, "ఏంది స్వామీ ఇది? పూజ చేస్తిమి గదా!" అంది. అచ్చు నీళ్లలో ముంచి విప్పారు. దాసన్న అరచేతిలో పసుప్పచ్చని బిళ్ల నిలిచింది. పలుచగా, వంపుగా, ఎవరి ముఖానిదో తెలియని నుదురు.

"అన్నా," అంది స్వర్ణలత ఓబుళేశు ముందు గొంతు కూర్చొని. "ఇది నీ నుదుటి మీద పెట్టి సూడాల. రుమాలు తీయాల."

ఆయన చెయ్యి టక్కున రుమాలు మీదికి పోయింది. నవ్వు ముఖంలో ఎక్కడా లేదు. "రేపు డాక్టరే తీస్తాడు గదమ్మా."

"తీయకముందే తెలుసుకోవాలన్నా."

"నా బిడ్డలకే సూపీలేదు నేను."

"నాకు తెలుసన్నా." తోచింది చెప్పింది. "నువ్వు ఎద్దును కొనేటప్పుడు నోరు తెరిచి పండ్లు సూడకుండా బేరం చేస్తావా? నేను నీ పండ్లు సరిగా సూడకుండా చేసినా. ఇప్పుడు సూస్తాండా."

ఓబుళేశు ఆమె వైపు కన్నార్పకుండా చూశాడు. తర్వాత పెళ్లాన్ని వాకిలి దగ్గరికి జరగమన్నట్టు సైగ చేశాడు. ఆమె పోయి వెలుగుకు అడ్డంగా, రోడ్డు మీదివాళ్లకు కనపడకుండా నిలబడింది. ఆయన రుమాలు విప్పాడు. ఒక చుట్టు, ఇంకో చుట్టు. దాసన్న తల పక్కకు తిప్పుకున్నాడు.

కుట్లు అటూ ఇటూ పాకి, తోలు ముడతలుపడి, ఏ పక్క ఎక్కువ పోయిందో కంటికి తెలియడం లేదు. తోలు కింద నెత్తురు కొట్టుకుంటున్నది మాత్రం తెలుస్తోంది. ఎగిరి, దిగి, ఎగిరి. ఆయన్ని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టారు. గుంట నెమ్మదిగా దిగింది. స్వర్ణలత మైనపు బిళ్లను రెండు చేతులా పట్టుకొని, నొక్కకుండా ఆనించింది.

పెద్ద గింజ ఎడమ కనుబొమ మీద, గట్టి ఎముక మీద ఎక్కి కూర్చుంది. కుడి కనుబొమ మీద చిన్న గింజ చుట్టూ అంత గుంట ఖాళీగా మిగిలింది. తిప్పి పెట్టి చూసింది. వంపు బయటికి లేచి, బోర్లించాల్సిన చిప్పను వెల్లకిలా పెట్టినట్టు ఊగింది.

వేణుగోపాల్ వంగి చూశాడు.

"ఏమ్మా, సరిపాయెనా?" పడుకునే అడిగాడు ఓబుళేశు.

"లేదన్నా. సరిపోలేదు. తప్పు జరిగింది."

సుబ్బలక్ష్మమ్మ వాకిలి దగ్గరే కూలబడింది. "అయ్యో రాఘవేంద్రా! రేపు ఆపరేషనని ఊరంతా చెప్తిమే!"

వేణుగోపాల్ ఆస్పత్రికి ఫోను చేశాడు. ఆపరేషను గది చూసుకునే నర్సు కృపమణి ఎత్తింది. డాక్టరు ఇంకా దారిలోనే ఉన్నాడంది. స్వర్ణలత ఫోను అందుకుంది. "అక్కా, ఓబుళేశన్న ఫిల్ములు ఉండాయి కదా. వెలుతురుకు పట్టి సూడు. కుడి అని గుర్తుండేది ఏ పక్క? పన్ను తెల్లగా మెరిసేది ఏ పక్క?"

కృపమణి పోయి వచ్చేదాకా వైరులో ఎవరో దగ్గడం వినపడింది. "కుడి అని ఉండే పక్కనే మెరుస్తాండాది పాపా. ఏం, ఏమాయె?"

స్కాను కేంద్రం తీసిన ఫిల్ములో పన్ను కుడికి. అదే స్కాను నుంచి చేసిన మెష్‌లో ఎడమకు. ఇంక అనుమానం లేదు. దారిలో ఉన్న డాక్టరుకు కృపమణే చెప్పింది. ఆయన వేణుగోపాల్ సెల్లుకు చేశాడు. మొదట ఆయన గొంతు పక్కవాళ్లకు కూడా వినపడింది, తర్వాత తగ్గింది, తర్వాత అసలు వినపడలేదు. వేణుగోపాల్ "ఔ సార్, ఔ సార్" అని ఫోను పెట్టేశాడు.

"నేనూ సూసినా, నాకూ తెలీలేదు అన్నాడు," అని చెప్పాడు స్వర్ణలత వంక చూడకుండా. "రేపు ఆపరేషను లేదు. అచ్చు ఎప్పుడు సరైతే అప్పుడు."

"ఎప్పుడు సార్?" సుబ్బలక్ష్మమ్మ అడిగింది.

"అంత మందం దిమ్మె ఈడ లేదమ్మా. హైదరాబాదు నుంచి రావాల. వచ్చినాక కరెంటుండాల..."

బల్ల మీద నుంచి ఓబుళేశు లేచి కూర్చున్నాడు. నుదురు అట్లాగే ఉంది, కప్పుకోలేదు. విప్పిన రుమాలు తీసి వేణుగోపాల్ చేతి మీద కప్పి, తన చెయ్యి దాని కిందికి దూర్చాడు. పశువుల సంతలో బేరం ఇట్లాగే జరుగుతుంది. గుడ్డ కింద వేళ్లు మాట్లాడతాయి, పక్కవాడికి తెలియదు. ఒకసారి పట్టు కుదిరితే మాట తప్పడం ఉండదు.

"ఎన్ని శనివారాలు?" అన్నాడు.

వేణుగోపాల్ నూనె వ్యాపారుల ఇంట పుట్టినవాడే, ఆ బేరం తెలియనివాడు కాదు. గుడ్డ కింద చెయ్యి కదిలింది. ఓబుళేశు తల అడ్డంగా ఊపాడు. మళ్లీ కదిలింది. "ఇది ముసలెద్దు బేరమప్పా, నాకొద్దు," అన్నాడు ఓబుళేశు. వేణుగోపాల్ నుదుట చెమట పట్టింది. గుడ్డ గట్టిగా బిగుసుకొని, వదులైంది.

"వచ్చే శనివారం," అన్నాడు వేణుగోపాల్ చెయ్యి బయటికి తీసి. వేలు ఎర్రగా కమిలి ఉంది.

ఆ వారమంతా స్వర్ణలత ఒక్క త్రికోణం కూడా చెరపకుండా పని చేసింది. మెష్‌ను అటుదిటు తిప్పడం ఒక్క మీట పని. తిప్పినాక పన్ను ఎటుందో చూసుకోవడం, దవడ ముళ్లతో సహా మోస్తూ కంప్యూటరు ఆగి ఆగి నడుస్తుంటే ఓర్చుకోవడం, మళ్లీ అచ్చు విడదీసే గీత గీయడం, అదే పెద్ద పని. దిమ్మె లారీలో వచ్చింది. చెక్కుతుండగా కరెంటు పోయిన ప్రతిసారీ, మిషను ఎక్కడ ఆగిందో అక్కడ నుంచే పట్టుకోవాలి. వెంట్రుకవాసి జరిగినా దిమ్మె పోతుంది, ఇంకోటి లేదు. దాసన్న రెండు రోజులు జోకు వేయలేదు.

శుక్రవారం మధ్యాహ్నం వాళ్లిద్దరూ మళ్లీ వచ్చారు. సుబ్బలక్ష్మమ్మ కుంకుమ భరిణె తీయబోతే, ఈసారి ఓబుళేశే ఆపాడు. "ముందు మైనం. బొట్టు తర్వాత." స్టూలు మీద కూర్చొని, ఎవరూ అడగకముందే రుమాలు విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. వాకిలి తెరిచే ఉంది.

బల్ల మీద పడుకున్నాక స్వర్ణలత బిళ్లను ఆనించింది. ఏ పక్క ఎటో చూసుకోవడానికి ఒకసారి వెనక్కి తీసుకుంది. మళ్లీ ఆనించింది. పెద్ద గింజ కుడి కనుబొమ పక్క గుంటలోకి మెత్తగా దిగింది. గోరుతో అంచు వెంబడి తడిమింది. పైన, పక్కన, కనుబొమ దగ్గర. ఎక్కడా మెట్టు తగల్లేదు. అంచు చుట్టూ గుడ్డపట్టీ అంటించింది.

"జారుతాందా?"

"లేదన్నా. కూర్చుండాది."

ఆయన మెల్లగా లేచాడు, ఒక చెయ్యి పట్టీ మీద ఆనించి. అద్దం కావాలన్నాడు. షెడ్డులో అద్దమెక్కడిది? దాసన్న పోయి తన మోటారు సైకిలు అద్దం విప్పుకొచ్చాడు. ఓబుళేశు దాన్ని ఎత్తి పట్టుకొని చూసుకున్నాడు. మైనం పచ్చగా ఉన్నా, నుదురు నుదురులాగే ఉంది. నోరు తెరిచి నవ్వాడు.

ఆయన భుజం వెనక నుంచి అద్దంలోకి చూస్తున్న స్వర్ణలత ఉలిక్కిపడింది. బంగారు పన్ను కుడి చేతి వైపు మెరుస్తోంది. టెలిఫోను వైపు.

తర్వాత అది అద్దమని గుర్తొచ్చింది. అయినా ఊరుకోలేదు. చుట్టూ తిరిగి వచ్చి, మనిషి ఎదురుగా నిలబడింది.

"మళ్లొకసారి నవ్వన్నా."

"ఏందమ్మా, పండ్లు ఎంచుతావా?"

"ఔ. ఎంచుతా."

ఆయన నవ్వాడు. పన్ను ఆమెకు ఎడమ చేతి వైపు ఉంది. స్వర్ణలత పక్కకు జరిగి సుబ్బలక్ష్మమ్మకు దారి ఇచ్చింది. "ఇప్పుడు పెట్టక్కా, బొట్టు."

శనివారం పొద్దంతా షెడ్డులో డ్రిప్పు బిరడాల పని నడిచింది. ఫోను మోగినప్పుడల్లా దాసన్న మిషను ఆపాడు. కృపమణి చేసేసరికి పొద్దు వాలుతోంది. వేణుగోపాల్ ఎత్తి, విని, స్వర్ణలతకు అందించాడు.

"పెట్టినారు పాపా," అంది కృపమణి. గొంతు అలసిపోయి ఉంది. "యాడా గీకాల్సిన పని రాలేదు. మనిషి మేలుకున్యాడు. మేలుకోగానే సిస్టరూ, నా రుమాలు యాడ పెడ్తివి అని అడిగినాడు. తల నొప్పేస్తాదప్పా, ఇప్పుడే సుట్టగూడదు అంటి. సుట్టేదానికి కాదంట. సంతలో బేరానికి కావాలంట."